ఆటగాని అడుగు ననుసరించు సంగీతము

రేడియో వినువారికి మాటలు లేని సంగీతము క్రొత్త కాదు. ఉదయప్రసారములకు ముందు వినవచ్చు చిన్న రాగఖండము మొదలుకొని, రాత్రి నాటకములో రాజు కొలువుదీరినప్పుడు మ్రోగు వాద్యఘోష వరకు దానిని మనము నిత్యము వినుచునే యున్నాము. పాట పాడినవారి పేరు తెలిసికొనగోరుదుము గాని, నాటకములో వాన కురియునప్పుడు వీణ మీటినవా రెవరని సాధారణముగా నడుగము. నేపథ్యసంగీతము స్వభావమే అట్టిది. కథను ముందుకు నడిపించి తాను వెనుకకు తొలగును.

నేడు మన యిండ్లలో పిల్లలు కంప్యూటరుముందో, చేతిఫోనుముందో కూర్చుండి ఆడు సాహసక్రీడలయందును ఇట్టి నేపథ్యసంగీతమే కలదు. తలుపు చాటునుండి వినువారికి అది వట్టి రొదగా తోచవచ్చును. కాని పెద్ద ఆటలలో ఆ ధ్వని వెనుక అరువది, ఎనుబది మంది వాద్యగాండ్రు ఒక్కచోట కూర్చుండి వాయించిన సంగీతముండును. దానిని కూర్చినవానికి నాటకసంగీత రచయితకుగాని, చలనచిత్ర సంగీత దర్శకునకుగాని ఎదురుకాని చిక్కు ఒకటి కలదు. ఆ చిక్కు ఎట్టిది, దానిని విప్పు మార్గము లెవ్వి, ఆ పనిలో మన ఉత్తరాంధ్ర వాద్యములకు తావెక్కడ అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మొదట కొంత పూర్వచరిత్ర అవసరము. 1978లో జపానులో వెలువడిన స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటలో సంగీతమనదగినది నాలుగు స్వరములే. అవి మంద్రస్థాయిలో దిగుచు మరల మరల వినవచ్చును. శత్రువులు దగ్గరకు వచ్చినకొలది వాని వేగము హెచ్చును. వినువాని గుండె వేగమును హెచ్చును. సంగీతము ఆటగాని స్థితినిబట్టి మారుట అను సూత్రము ఆ నాలుగు స్వరములలోనే ఇమిడియున్నది. 1983లో జపానులో వెలువడిన నింటెండో వారి ఫామికామ్ యంత్రములో ధ్వనికి ఐదు మార్గములు మాత్రమే యుండెడివి. ఆ ఇరుకు స్థలములోనే కోజీ కోండో 1985లో సూపర్ మారియో బ్రదర్స్ అను ఆటకును, 1986లో ది లెజెండ్ ఆఫ్ జెల్డా అను సాహసక్రీడకును సంగీతము కూర్చెను. అదే 1986లో వెలువడిన డ్రాగన్ క్వెస్ట్ అను అద్భుతకథాక్రీడకు కోయిచి సుగియామా కూర్చిన బాణీలను మరుసటి సంవత్సరము వాద్యబృందము సభలో వాయించినది. 2005లో వెలువడిన సివిలిజేషన్ ఫోర్ అను ఆటకు క్రిస్టఫర్ టిన్ స్వాహిలీ భాషలో కూర్చిన బాబా యేతు అను గీతమునకు 2011లో గ్రామీ బహుమానము లభించినది. వీడియో గేము కొరకు పుట్టిన రచనకు ఆ బహుమానము దక్కుట అదియే మొదటిసారి. 2023 నుండి ఆ సంస్థవారు ఆటల సంగీతమునకు ప్రత్యేకముగా ఒక బహుమానమునే ఏర్పరచిరి. నాలుగు స్వరములతో మొదలైన ఈ విద్య నలువదియైదేండ్లలో ఇంత దూరము వచ్చినది.

ఇక అసలు చిక్కునకు వత్తము. దానిని తెలిసికొనుటకు మనకు బాగుగా పరిచయమైన జానపద చలనచిత్రమును పోలికగా గైకొందము. 1951లో వెలువడిన పాతాళ భైరవిలో మాంత్రికుడు, గుహ, మాయామందిరము, సాహసియైన యువకుడు అందరును ఉన్నారు. నేటి సాహసక్రీడలలో కనబడు సామగ్రి యంతయు అందున్నది. దానికి సంగీతము కూర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో విద్య నభ్యసించినవారు. 1957లో వచ్చిన మాయాబజారు మరియొక ఉదాహరణము. దానిలో నాలుగు పాటలకు మొదట బాణీలు కట్టిన సాలూరు రాజేశ్వరరావుగారు సాలూరు సమీపమున శివరామపురములో 1922లో జన్మించిరి. తక్కిన పాటలను కూర్చి, వాద్యగోష్ఠిని సమకూర్చి, చిత్రమును పూర్తిచేసినవారు ఘంటసాలగారు. తెలుగువారి అద్భుతకథలకు వాద్యసంగీతము నమర్చిన ఈ ఇరువురిలో ఒకరు ఉత్తరాంధ్రమున పుట్టిరి, మరియొకరు ఉత్తరాంధ్రమున చదివిరి. ఈ విద్య మన ప్రాంతమునకు పరాయిది కాదనుటకు ఇది చాలును.

అయితే చలనచిత్రమునకు సంగీతము కూర్చువానికి ఒక గొప్ప సౌకర్యము కలదు. కథ ఏ క్షణమున ఏమగునో అతనికి ముందే తెలియును. ఫిల్ము సెకండునకు 24 బొమ్మల చొప్పున నడచును. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగునకు 16 బొమ్మలుండును. గుహద్వారము తెరచుకొనుటకు పది సెకండ్లు పట్టినచో అది 240 బొమ్మలు, అనగా సరిగా పదునైదడుగుల ఫిల్ము. ఆ పదునైదడుగులకు తగినంత సంగీతము వ్రాసికొని, చివరి బొమ్మపై తాళము వేసినచో పని ముగిసినట్లే. ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఏండ్లు ఆడినను ఆ ద్వారము ఆ క్షణమందే తెరచుకొనును.

ఆటలో అట్లు కాదు. ద్వారము తెరచువాడు ఆటగాడు. ఒకడు పరుగున వచ్చి మూడు సెకండ్లలో తెరచును. ఒకడు ద్వారముముందు నిలిచి గోడమీది శిల్పములను చూచుచు పది నిమిషములు గడపును. మరియొకడు సగము తెరచి, భయపడి, వెనుకకు మరలును. ఈ ముగ్గురికిని సంగీతము సరిపడవలయును. ముగ్గురును సంగీతము తమకొరకే కూర్చబడినదని భావింపవలయును. కథకు కొలత లేదు, క్రమమును లేదు. కొలత లేని వస్త్రమును కుట్టుమన్నట్లున్న ఈ పనియే మేము చెప్పిన చిక్కు.

ఇది కంప్యూటరుతో పుట్టిన క్రొత్త సమస్య యని పలువురు తలంతురు. మన పెండ్లిపందిరి నొకమారు జ్ఞాపకము చేసికొనుడు. సన్నాయివాడు రాగాలాపన చేయుచుండును. మాంగల్యధారణ సరిగా ఏ నిమిషమున జరుగునో అతడెరుగడు. తంతులో జాప్యము కలుగవచ్చును, పెద్దలలో ఒకరు ఇంకను రాకపోవచ్చును. అతడు రాగమును సాగదీయుచునే పురోహితుని చేతివైపు ఒక చూపుంచును. పురోహితుడు చేయెత్తి సంజ్ఞ చేయగనే డోలు చెలరేగును, గట్టిమేళము మ్రోగును. అంతవరకు వినిపించిన రాగము తెగినట్లు ఎవరికిని తోచదు. మన పౌరాణిక నాటకములలో హార్మోనియము వాయించువాని సంగతియు ఇట్టిదే. నటుడు పద్యాంతమున రాగము నెంతసేపు తీయునో, సభవారు ఒన్స్ మోర్ అని ఎన్నిమార్లు కేకవేయుదురో ముందు తెలియదు. అయినను అతడు నటుని వెంట నీడవలె నడచును. ఆటగాని వెంట నడచు సంగీతమునకు కావలసిన బుద్ధి ఇదియే. భేద మొక్కటి. సన్నాయివాడు కన్నులతో చూచి వాయించును. ఆటలో వాద్యగాండ్రు ఎన్నడో వాయించి వెళ్లిపోయిరి. చూచి నడపవలసినది యంత్రము. కనుక సన్నాయివాని బుద్ధిని ముందుగానే సూత్రములుగా వ్రాసి యంత్రమునకు నేర్పవలయును. 1991లో అమెరికాలోని లూకాస్ ఆర్ట్స్ సంస్థలో మైకేల్ ల్యాండ్, పీటర్ మెకానెల్ అనువారు ఐమ్యూజ్ అను పద్ధతిని కల్పించి మంకీ ఐలండ్ రెండవ ఆటలో ఈ పనిని జయప్రదముగా చేసి చూపిరి. నేడు ఎఫ్‌మాడ్, వైజ్ మొదలగు సాధనములు ఇదే పనిని సులభము చేయుచున్నవి.

ఆ సూత్రములను ఉదాహరణపూర్వకముగా వివరింతుము. శ్రీకాకుళమునకు చేరువనున్న ఎచ్చెర్లలో 2008లో స్థాపింపబడిన డాక్టరు బి.ఆర్. అంబేడ్కరు విశ్వవిద్యాలయమున్నది. అదే మండలములో ఎస్.ఎం.పురము వద్ద రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శ్రీకాకుళ ప్రాంగణము కలదు. కంప్యూటరు విద్య నభ్యసించు యువతీయువకులు వేలకొలది ఈ ప్రాంతమున నివసించుచున్నారు. వారిలో నలుగురు కూడి ఒక అద్భుతసాహస క్రీడను నిర్మింపదలచిరనుకొందము. కథ ఇట్లుండు ననుకొందము: నాగావళి సంగమమువద్ద వలవేయు జాలరి యువకుడొకడు, ఎగువ కొండలలో ఒక మాంత్రికుడు దాచిన వానశంఖమును తెచ్చుటకు నదివెంట బయలుదేరును. తీరము, పొలములు, పాడుపడిన బౌద్ధవిహారము, అడవి, కొండగుహ అను ఐదు తావులు. దీనికి సంగీతము కూర్చవలయును.

మొదటి మార్గము సంగీతమును ముక్కలుగా కూర్చుట. తీరమునకొక భాగము, పోరాటమున కొకటి, విజయమున కొకటి వ్రాసి, సందర్భమునుబట్టి ఒకదానినుండి మరియొకదానికి యంత్రము మారునట్లు చేయుదురు. ఎక్కడబడిన అక్కడ మారినచో చెవికి దెబ్బ తగిలినట్లుండును. మారదగిన తావు తాళమే చెప్పును. ఆదితాళమునకు ఆవర్తమున ఎనిమిది అక్షరములు. నిమిషమునకు 60 అక్షరముల నడకలో ఆవర్తము ముగియుటకు 8 సెకండ్లు పట్టును. 120 అక్షరముల నడకలో 4 సెకండ్లు చాలును. ఆవర్తాంతమున మాత్రమే మారుదమన్నచో, మొసలి నోరు తెరచి పైబడిన తరువాత ఎనిమిది సెకండ్లవరకు సంగీతము వెన్నెలవిహారము చేయుచుండవచ్చును. కావున నేర్పరులు రెండు పనులు చేయుదురు. వేగమైన నడకలో లఘువు ముగిసినచోట, అనగా రెండు సెకండ్లకొకమారు, మారుటకు అనుమతింతురు. అంతకుమున్నే, మొసలి కనబడిన క్షణముననే, తాళముతో నిమిత్తము లేక ఒక్క డప్పుదెబ్బ వేయుదురు. ఆ దెబ్బ మ్రోగి అణగులోపల తాళము లఘువు చివరకు చేరును, పోరాటసంగీతము అందుకొనును. వినువానికి అంతయు ఒక్క ఊపిరిలో జరిగినట్లుండును. పోరాటము ముగిసినప్పుడు మన మృదంగ విద్వాంసులు వేయు తీర్మానమును మించిన సాధనము లేదు. ఒకే జతిని ముమ్మారు పలికించి సమమున చేర్చినచో, ముగిసినదని ఎవరును చెప్పకయే చెవికి తెలియును.

రెండవ మార్గము సంగీతమును పొరలుగా కూర్చుట. తంబుర ఒక పొర, వేణువు ఒకటి, వయొలిన్ల సమూహ మొకటి, తప్పెటలు ఒకటి, కొమ్ములు ఒకటి. ఐదును ఒకే శ్రుతిలో, ఒకే లయలో వ్రాసి విడివిడిగా ముద్రణ చేయుదురు. ఆటలో ఐదును కలిసియే నడచుచుండును గాని వినబడునవి కొన్నియే. జాలరి ఒడ్డున ఒంటరిగా నున్నప్పుడు తంబుర మాత్రము వినవచ్చును. నడక సాగించినచో వేణువు చేరును. అపాయము సమీపించినచో తప్పెటలు మెల్లగా పైకి వచ్చును. ఈ పద్ధతిలో ఎక్కడను అతుకు కనబడదు. కాని ఇందులో ఒక గుప్తమైన శ్రమ యున్నది. ఐదు పొరలను వేరువేరుగా తెరచుటకును మూయుటకును వీలున్నచో 32 కలయిక లేర్పడును. అందొకటి పూర్ణనిశ్శబ్దము. తక్కిన ముప్పదియొకటియు చెవికి ఇంపుగా నుండవలయును. వేణువు లేకున్నను వయొలిన్ల గమనము అర్థవంతముగా నుండవలెను. వేణువు చేరినను రెండును ఒకదానినొకటి త్రోసికొనరాదు. అందుచేత రచయిత తనకు నచ్చిన స్వరములలో పెక్కింటిని విడిచిపెట్టవలసి వచ్చును. పక్కవానికి చోటు విడుచుట ఈ విద్యలో మొదటి పాఠము.

ఇచ్చట మన సంగీతమునకు గల ఒక సౌలభ్యమును ప్రత్యేకించి చెప్పదగియున్నది. పాశ్చాత్యవాద్యగోష్ఠి స్వరసమ్మేళనముపై నిలుచును. ఆధారస్వరము మాటిమాటికి మారును. అందుచేత రెండు పొరలు ఎప్పుడు కలిసినను పొసగునట్లు వ్రాయుట కష్టము. మన సంగీతము నిశ్చలమైన శ్రుతిపై ఒక్క రాగమును విస్తరించుకొనును. ఒకే రాగములో, ఒకే శ్రుతిలో నున్న పొరలు ఎచట కలిసినను పరస్పరము శత్రువులు కానేరవు. అంతేకాక మన శాస్త్రమున గ్రహభేదమను ప్రక్రియ కలదు. మోహనరాగపు ఐదు స్వరముల నట్లే యుంచి ఆధారమును మాత్రము రిషభమునకు మార్చినచో మధ్యమావతి పలుకును. గాంధారమునకు మార్చినచో హిందోళము, పంచమమునకు మార్చినచో శుద్ధసావేరి, ధైవతమునకు మార్చినచో శుద్ధధన్యాసి పలుకును. ఒక్క స్వరసముదాయములో ఐదు రాగములు, మన జాలరి కథలో ఐదు తావులు. తీరమున మోహనము. విహారశిథిలములలో అడుగిడగనే తంబుర మెల్లగా గాంధారమునకు జరిగినచో, వేణువు అవే స్వరములను పలుకుచున్నను హిందోళపు ఛాయ కమ్ముకొనును. తావు మారినదని ఆటగాని చెవి గ్రహించును. ఎట్లు మారినదో గ్రహింపడు. శంఖము దొరకి వాన కురిసిన పిమ్మట మధ్యమావతి. కచేరి చివర మంగళము పాడుటకు మనవారు ఎన్నుకొను రాగమే అది. అయితే గ్రహభేదము స్వరస్థానముల నిచ్చునేగాని రాగభావము నీయదు. హిందోళపు గమకములు వేరు, మోహనపు గమకములు వేరు. తాత్కాలికమైన మార్పునకు తంబుర చాలును. ఆటగాడు నిలిచి తిరుగాడు తావునకు మాత్రము విద్వాంసునిచే ఆ రాగమును ఆ రాగముగా వాయింపింపవలసినదే.

గమకప్రసక్తి వచ్చినది గనుక వాద్యబృందమును గురించి చెప్పుట కిదియే తగిన చోటు. నేడు ఈ పనికి పూనుకొను యువకులలో పెక్కుమందికి నిజమైన వాద్యబృందము అందుబాటులో నుండదు. వారు కంప్యూటరులో సిద్ధముగా దొరకు స్వరభాండాగారములను కొని వాడుదురు. ఒక్కొక్క వాద్యముయొక్క ఒక్కొక్క స్వరమును మెల్లగా, గట్టిగా, పొడవుగా, పొట్టిగా వాయింపించి ముద్రించి పెట్టిన కోశములవి. మీట నొక్కినచో వయొలిన్ల సమూహము పలుకును. ఈ సాధనములను చిన్నచూపు చూడవలదు. వాని వలననే ఒంటరి విద్యార్థి తన గదిలో కూర్చుండి పెద్ద బృందమునకు వ్రాయుట నేర్చుకొనుచున్నాడు. కాని వానిలో స్వరము ఒక బిందువు. మన సంగీతములో స్వరము ఒక కదలిక. మోహనగాంధారము నిలుకడగా నిలిచినను, హిందోళమధ్యమము ఊగును. ఆ ఊపును కోశములోని బిందువులను కలిపి సాధింపబూనినచో అది ముగ్గులో చుక్కలు మాత్రము పెట్టి గీతను మరచినట్లుండును.

అట్లని పాశ్చాత్యవాద్యములు మనకు తగవనుట సరికాదు. విజయనగరమే దీనికి సాక్ష్యము. 1919లో అచ్చట సంగీత కళాశాల ఏర్పడి, ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులైనప్పుడు, వయొలిన్ ఆచార్యులుగా ద్వారం వేంకటస్వామినాయుడుగారు నియమితులైరి. 1936లో వారే అధ్యక్షపదవిని స్వీకరించిరి. సముద్రముదాటి వచ్చిన వాద్యము ఆయన చేతిలో గమకము నేర్చుకొని మనదైపోయినది. అట్లే ఆకాశవాణివారు 1952లో ఢిల్లీలో వాద్యబృందమును స్థాపించి, పండిత రవిశంకరు, టి.కె. జయరామయ్యరు వంటివారి నాయకత్వమున మన రాగములను పెద్ద బృందముచే వాయింపించిరి. తరువాత ఆ బృందమును నడపినవారిలో మన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారొకరు. వారు కూర్చిన ఆదర్శ శిఖరారోహణమను వాద్యరచనలో మాటలు లేవు, దృశ్యము లేదు. అయినను కొండనెక్కువాని శ్రమయు, శిఖరముచేరిన ఆనందమును వాద్యములే పలికినవి. రేడియో వినువారికి సాహసకథను వాద్యములతోనే చెప్పవచ్చునని నిరూపించిన రచన అది. ఎచ్చెర్ల విద్యార్థి తన జాలరిని కొండ నెక్కించుటకుముందు దానిని వినినచో ఎంతయో నేర్చుకొనగలడు.

ఇక కోశములలో దొరకని వాద్యముల సంగతి. మా అభిప్రాయమున ఈ విషయములో నిజముగా ఆలోచింపవలసినది ఇదియే. వయొలిను, కొమ్ము, పియానో ఏ కోశముననైనను దొరకును. సితారు, తబలా కూడ దొరకును. కాని జముకు దొరుకునా? ఒకవైపు చర్మము మూసిన గొట్టమువంటి పాత్ర, ఆ చర్మము నడుమనుండి సాగు నరము. ఆ నరమును బిగించుచు, సడలించుచు మీటినచో స్వరము ప్రశ్న వేసినట్లు పైకి లేచును, మూల్గినట్లు క్రిందికి జారును. జముకులకథలో గ్రామదేవత ఆగ్రహించినప్పుడు ఆ ఒక్క నరమే వినువారి వెన్నులో చలి పుట్టించును. మాంత్రికుని గుహకు దీనికన్న తగిన ధ్వని మరి యేమి? తప్పెటగుళ్లలో కళాకారులు రొమ్మున కట్టుకొను రేకు తప్పెటలు, కాళ్ల గజ్జెలు, అందరు నొక్కమారు గెంతినప్పుడు నేలనుండి లేచు చప్పుడు పోరాటమునకు సిద్ధమైన పొర కాదా? అరకు కొండలలో థింసా నృత్యమునకు వాయించు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు ఎగువకొండల ప్రయాణమునకు తగవా?

ఇవి కోశములలో లేకుండుటవలన కలుగు నష్టము పైకి కనబడదు. విద్యార్థి తనకు దొరకిన వాద్యములతోనే వ్రాయును. అప్పుడు నాగావళి ఒడ్డున నడచు జాలరి వెనుక ఐరోపా దేశపు అడవులు మ్రోగును. ఆడు పిల్లలు అదియే సాహసమునకు తగిన ధ్వనియని నమ్ముదురు. తాతగారి ఊరిలో వినిన తప్పెట వారికి పాతకాలపు సద్దుగా మిగులును. 2020లో పుణే నగరపు నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు మన పురాణముల నాధారము చేసికొని రాజీ అను ఆటను వెలువరించిరి. దానికి సంగీతము కూర్చినవారు గ్రీసు దేశస్థులైన లీనోస్ జెలోస్. ఇందు ఆక్షేపింపదగినది లేదు; సంగీతమునకు ఎల్లలు లేవు. కాని గ్రీసునుండి ఒకరు మన కథలకు సంగీతము కూర్పగా, ఊరి జాతరలో తప్పెట వినుచు పెరిగినవాడు ఆ పనికి జంకనేల?

పూనుకొనువాడు మాత్రము ఆ వాద్యములను అలంకారమునకు చల్లు పువ్వులవలె వాడరాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలనడుమ తిరిగి, వారి భాషను మొదట తాను నేర్చి, పిమ్మట 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. వాద్యముల విషయమున కూడ క్రమమిదియే. కళాకారునియొద్ద కూర్చుండి ఏ దరువు ఏ సందర్భమునకు చెల్లునో, ఏది పూజకే పరిమితమో, ఏది నలుగురిలో వినిపింపవచ్చునో తెలిసికొనవలయును. ముద్రణ చేయునప్పుడు విడి దెబ్బలను మాత్రమేగాక పూర్తి దరువులను, వానిని మొదలుపెట్టు తీరును, ముగించు తీరును, వేగము హెచ్చించు తీరును ముద్రింపవలయును. ఏలయన ఆ కళయంతయు దెబ్బకు దెబ్బకు నడుమనున్న కాలములో నున్నది. అన్నిటికంటె ముఖ్యమైనది, వాయించినవారికి తగిన ప్రతిఫలమిచ్చి, ఆట చివర కనబడు పేర్లలో వారి పేరును, వారి ఊరిపేరును చేర్చుట. ఒక్కసారి ముద్రించిన దరువు వేలమంది ఇండ్లలో మ్రోగుచుండగా, దానిని వాయించిన చేతులు పేరు లేక పోవుట న్యాయము కాదు.

ఆచరణలో ఉపకరించు మరి రెండు మూడు సంగతులు చెప్పి ముగింతుము. రెండు నిమిషముల సంగీతఖండమును చక్రమువలె త్రిప్పినచో, ఆటగాడు ఆ తావున నలువది నిమిషములున్నచో దానిని ఇరువదిమార్లు వినవలసి యుండును. మొదటిమారు ముచ్చటగొలిపిన పలుకు పదునైదవమారు విసుగు పుట్టించును. కావున తిరుగాడు తావులకు పాటవలె నోట పట్టుబడు బాణీ పనికిరాదు. ఆలాపనవలె సాగునది మేలు. నోట నిలుచు బాణీని నాయకునికై దాచి, ముఖ్యఘట్టములలో మాత్రమే వినిపింపవలయును. చక్రము చివర మరియొక చిక్కుండును. తంబురనాదము తీగ ఆగిన పిమ్మటను కొంతసేపు మ్రోగుచుండును. ఖండమును అక్కడ కత్తిరించినచో నాదము తెగి చెవికి తగులును. ఆ తోకను వేరుగా నుంచి, మరల మొదలగు భాగముపై పరచవలయును. ఇక నిశ్శబ్దము. అడవిలో పక్షికూతను, నదిలో తెడ్డుచప్పుడును కొంతసేపు ఒంటరిగా విననిచ్చినచో, పిమ్మట వచ్చు వేణువునకు వన్నె హెచ్చును. ఈ రహస్యము రేడియో నాటకములు వినువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

తలిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లలు ఆట నాడుచున్నప్పుడు ఒకమారు ప్రక్కన కూర్చుండి, తెరను చూడక, సంగీతమును మాత్రము వినుడు. నాయకుడు నిలిచినప్పుడు అది ఏమగుచున్నది, పరుగెత్తినప్పుడు ఏమి చేరుచున్నది, అపాయము తొలగినప్పుడు ఏది విడిపోవుచున్నది గమనింపుడు. ఆ వాద్యములలో ఎన్ని మీరెరిగినవో పిల్లలను లెక్కింపుమనుడు. పిమ్మట వారిని ఒక జాతరకు తీసికొనిపోయి తప్పెటగుళ్లవారి ముందు నిలుపుడు. వారిలో ఒకరికైనను ఈ రెండు ధ్వనులను ఒకచోట చేర్పవలెనను కోరిక పుట్టినచో, సాలూరువారి బాణీలు పుట్టిన ఈ నేల మరియొక సంగీతరచయితను కన్నట్లే.